పడతామని కూర్చుంటే కాళ్లే పోతాయి

జైనూర్ మండలంలో పింఛను పొందుతున్న పెద్ద వయసు మహిళల కోసం చేసిన ప్రసంగ పాఠం

(చదువు రాని అవ్వలకు ఇంట్లో ఉన్న మనుమడో మనుమరాలో దీన్ని ఆగి ఆగి చదివి వినిపించాలి. ఒక్క రోజే అంతా చదవనక్కర లేదు.)



పింఛను మీటింగ్ అంటే ఎంత వస్తది, ఎప్పుడు వస్తది, లిస్టులో పేరు ఎందుకు లేదు అనే మాటలే నడుస్తాయి. ఈ రోజు ఆ పైసలు తెచ్చుకోవడానికి నడిచే కాళ్ల గురించి మాట్లాడుకుందాం.

ఆసరా పింఛను 2014 నవంబరులో వృద్ధులకు, వితంతువులకు నెలకు 1,000 రూపాయలతో మొదలైంది. 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. ఇప్పుడు చేయూత పేరుతో నడుస్తున్నది. ఆ పైసలు మీ పేరు మీద వస్తాయి. మీరే స్వయంగా పోయి తెచ్చుకుంటే మీ కొంగుకే ఉంటాయి. ఏం కొనాలో, ఎవరికి ఇవ్వాలో మీరే చెప్తారు. మీరు ఇల్లు కదలలేని రోజు వచ్చిందనుకోండి, పింఛను ఆగకపోవచ్చు గానీ దాని మీద మీ మాట తగ్గుతుంది. అందుకే కాళ్లు పదిలంగా ఉండటం కూడా పింఛను ముచ్చటే.

మీలో చాలామందికి ఈ కథ తెలుసు. వానకాలంలో బోరింగు కాడ కాలు జారింది. బొక్క విరగలేదు, నాలుగు రోజులు నడుం నొప్పి ఉండి పోయింది. కానీ మనసులో భయం కూర్చుంది. ముందు అంగడికి పోవడం మానేశారు. తర్వాత పక్క గూడెంలో ఉన్న బిడ్డ ఇంటికి పోవడం మానేశారు. తర్వాత గుడి, తర్వాత బోరింగు. ఏడాది తిరిగేసరికి మంచం, వాకిలి, మళ్లీ మంచం. "నాకేం రోగం లేదు, పడతనేమోనని బుగులు" అంటారు. ఆ బుగులు గురించే ఈ మాటలన్నీ.

భయం తప్పు కాదు, కూర్చోవడమే ముప్పు

పడతానేమోనని భయపడటం పిరికితనం కాదు. ఏటా ప్రపంచంలో 6 లక్షల 84 వేల మంది కింద పడటం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్తున్నది. అందులో 60 ఏళ్లు దాటినవాళ్లే ఎక్కువ. పెద్ద వయసు ఆడవాళ్లలో ముట్లు ఆగిపోయిన తర్వాత ఎముక బలం తగ్గుతుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు పడినప్పుడు తుంటి, మణికట్టు విరిగే ప్రమాదం ఎక్కువ. కాబట్టి భయానికి కారణం ఉంది.

కానీ ఆ భయం మనతో ఏం చేయిస్తుందో చూడండి. పడతానని భయపడితే మనిషి ఒళ్లు బిగబట్టి నడుస్తాడు. పాదం ఎత్తకుండా నేలకు రాసుకుంటూ చిన్న చిన్న అడుగులు వేస్తాడు. తల వంచి కాళ్లనే చూస్తాడు. అప్పుడు చిన్న రాయి తగిలినా, కడప తగిలినా తూలుతుంది. ఇది భయం చేసే మొదటి నష్టం.

రెండో నష్టం ఇంకా పెద్దది. నడవకపోతే కండ కరిగిపోతుంది. 2007లో అమెరికాలో డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ 10 రోజుల్లోనే ఒక్కొక్కరికి కాళ్ల నుంచి సుమారు ఒక కిలో కండ పోయింది. జ్వరం లేదు, దెబ్బ లేదు, ఊరికే పడుకున్నందుకే! మరి నెలల తరబడి వాకిలి దాటని మనిషి కాళ్లు ఏమవుతాయో ఆలోచించండి.

అంటే లెక్క ఇట్ల తిరుగుతున్నది. పడతామని భయం. భయంతో కూర్చోవడం. కూర్చుంటే కాళ్లలో బలం పోవడం. బలం పోయాక నిజంగానే పడటం. పడ్డాక భయం ఇంకా పెరగడం. ఈ గొలుసును ఎక్కడో ఒక దగ్గర తెంపాలి. భయాన్ని ఒక్కసారే తీసేయలేం. కానీ కూర్చోవడాన్ని ఇవాళే తగ్గించుకోవచ్చు. అక్కడే తెంపుదాం.

"పుట్టినప్పటి నుంచి పని చేసినోళ్లం, మాకేం ఎక్సర్‌సైజులు?"

ఈ మాట అందరూ అంటారు. నిజమే. పత్తి ఏరారు, జొన్న కోశారు, ఇప్పపూలు ఏరుకొచ్చారు, నెత్తి మీద కట్టెల మోపు మోశారు, నీళ్ల బిందెలు మోశారు. పట్నంలో పార్కుల చుట్టూ తిరిగేవాళ్ల కంటే మీ కాళ్లు గట్టివే. కానీ అది పని చేసిన రోజుల మాట. కండ అనేది బ్యాంకులో దాచుకున్న పైసల వంటిది కాదు, వాడినన్ని రోజులే ఉంటుంది. పని మానేసిన కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది.

ఇంకో మాట. వంగి పత్తి ఏరడంలో నడుం అరిగింది గానీ, ఒంటికాలి మీద ఆగడం, పక్కకు అడుగు వేయడం, తూలినప్పుడు సర్దుకోవడం అలవాటు కాలేదు. పడకుండా ఆపేది ఆ నేర్పే. దాన్ని వేరుగా నేర్చుకోవాలి.

మన దగ్గర అది లేకపోలేదు. దండారి రోజుల్లో చేయి చేయి పట్టుకొని వరుసగా అడుగు వేసే ఆటలో, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆటలో ఏముంది? పక్కకు అడుగు, వెనక్కి అడుగు, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చడం. ఆడిన కాలం గుర్తు చేసుకోండి. మన మండలంలోని మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ముసలితనంలో కూడా ఆయన పిల్లలకు అడుగులు నేర్పారు. అడుగు మరిచిపోకపోతే ఒళ్లు కూడా అంత తొందరగా మరిచిపోదు.

ఈ వయసులో బలం మళ్లీ వస్తదా?

వస్తది. 1990లో అమెరికాలో 90 ఏళ్ల వయసున్న, చాలా బలహీనంగా ఉన్న 10 మందితో 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసినవాళ్ల తొడల బలం రెండింతలకు పైగా పెరిగింది. తొంభై ఏళ్లకు వచ్చిన బలం అరవై, డెబ్బై ఏళ్లకు రాదా?

మీలాంటి ఆడవాళ్లతోనే చేసిన ఇంకో ప్రయత్నం ఉంది. న్యూజిలాండ్ దేశంలోని డునెడిన్‌లో 80 ఏళ్లు దాటిన 233 మంది ఆడవాళ్లను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టువాళ్ల ఇంటికి వ్యాయామం నేర్పే ఆమె మొదటి రెండు నెలల్లో నాలుగు సార్లు వచ్చి, ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు నేర్పి పోయింది. ఇంకో జట్టుకు నేర్పలేదు. ఏడాది తర్వాత లెక్క చూస్తే, నేర్పని జట్టులో 152 సార్లు పడ్డారు, నేర్పిన జట్టులో 88 సార్లు పడ్డారు. ఈ లెక్క 1997లో అచ్చయింది. పెద్ద ఆసుపత్రి లేదు, మిషన్లు లేవు. ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు, నడక.

ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇలాంటి పరిశోధనలు చేశారు. 2019లో 25 దేశాల నుంచి 108 పరిశోధనలను కలిపి చూస్తే, వ్యాయామం చేసేవాళ్లలో పడటం నూటికి 23 వంతులు తగ్గింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. వ్యాయామం చేస్తే ఇక పడనే పడరని ఎవరూ చెప్పలేరు. డునెడిన్‌లో నేర్చుకున్నవాళ్లు కూడా 88 సార్లు పడ్డారు. కానీ పడటం తగ్గింది. తొందరగా సర్దుకోగలిగే కాళ్లున్న మనిషికి భయం కూడా తగ్గుతుంది. మనకు కావాల్సింది అదే.

ఇంట్లో చేసుకునే ఏడు పనులు

ముందుగా ఒక జాగ్రత్త. గుండె నొప్పి ఉన్నవాళ్లు, ఈ మధ్య బొక్క విరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, లేస్తే కళ్లు తిరిగేవాళ్లు ముందు దవాఖానలో అడిగి మొదలుపెట్టాలి. మిగతావాళ్లు రేపటి నుంచే చేయవచ్చు. పక్కన గట్టి ఆధారం ఉండాలి: ఇంటి గుంజ, ద్వారబంధం, గోడ. తేలిక ప్లాస్టిక్ కుర్చీని పట్టుకోవద్దు, అది జారుతుంది. కుర్చీ మీద కూర్చోవాల్సి వస్తే దాని వీపు గోడకు ఆనించి పెట్టండి.

1. కూర్చొని లేవడం. మంచం అంచున గానీ కుర్చీ మీద గానీ కూర్చోండి. పాదాలు వెనక్కి లాగండి, ముందుకు వంగండి, లేచి నిలబడండి. మెల్లగా మళ్లీ కూర్చోండి. దభాల్న కూలబడొద్దు. మొదట్లో చేతులు ఆనించి లేచినా సరే. 5 సార్లతో మొదలుపెట్టి 10 దాకా పెంచండి. ఈ ఏడింటిలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. మంచం దిగడం, దొడ్డికి పోయి లేవడం, బస్సు సీటులో నుంచి లేవడం అన్నీ ఇందులోనే ఉన్నాయి.

2. మడమలు ఎత్తడం. గుంజ పట్టుకొని ముని వేళ్ల మీద లేవండి, మెల్లగా దించండి. 10 సార్లు.

3. పాదం ముందు భాగం ఎత్తడం. మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకెత్తండి. 10 సార్లు. నడిచేటప్పుడు పాదం నేలకు రాసుకోకుండా ఎత్తేది ఈ కండే.

4. మోకాలు చాపడం. కూర్చొని ఒక కాలు ముందుకు చాపి, ఐదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

5. పక్కకు నడవడం. గోడకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ గోడకు ఆనించి, కుడి పక్కకు 10 అడుగులు, ఎడమ పక్కకు 10 అడుగులు. ఆటలో వేసే అడుగే.

6. ఒకదాని ముందు ఒకటి. ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్ల ముందు పెట్టి, గోడ పట్టుకొని 10 లెక్కపెట్టేదాకా ఆగండి. తర్వాత కాళ్లు మార్చండి.

7. ఒంటికాలి మీద ఆగడం. గుంజను రెండు చేతులతో పట్టుకొని ఒక కాలు కొంచెం ఎత్తండి. 10 లెక్కపెట్టండి. బాగా అలవాటైన తర్వాత ఒక చేతితో, ఆ తర్వాత ఒక్క వేలుతో పట్టుకోండి. చేయి పూర్తిగా వదలాలనే పట్టుదల వద్దు.

వారానికి కనీసం మూడు రోజులు ఇవి చేయాలి. దీనితో పాటు నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటి పని చేయాలని చెప్తున్నది. రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు. ఒకేసారి కాకపోతే పొద్దున 10 నిమిషాలు, మధ్యాహ్నం కొంచెం, సాయంత్రం కొంచెం. అంత చేయలేనివాళ్లు ఎంత చేయగలిగితే అంత. అసలు చేయకపోవడం కంటే కొంచెమైనా మేలు.

కొత్తగా మొదలుపెట్టాక తొడలు, పిక్కలు రెండు రోజులు సలుపుతాయి, అది మంచిదే. కానీ రొమ్ములో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, కీలులో సూది పొడిచినట్టు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి దవాఖానలో చూపించుకోండి.

భయానికి మెట్లు కట్టుకోండి

1990లో అమెరికాలో మేరీ టినెట్టి అనే డాక్టర్ పెద్దవాళ్ల భయాన్ని కొలవడానికి ఒక పద్ధతి చేశారు. "మీకు భయమా?" అని అడిగి ఊరుకోలేదు. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, ఇంట్లో తిరగడం వంటి 10 రోజువారీ పనుల పేర్లు చెప్పి, ఒక్కో పని పడకుండా చేయగలనన్న నమ్మకం ఎంత ఉందో అడిగారు. భయం మొత్తం మీద ఒకటే ముద్దగా ఉండదు, ఒక్కో పని దగ్గర ఒక్కో రకంగా ఉంటుంది. ఆ పని ఏదో తెలిస్తే దాన్ని తగ్గించుకునే తొవ్వ దొరుకుతుంది.

మీరు కూడా అడుక్కోండి. స్నానం బండ మీద నిలబడాలంటే భయమా? చీకట్లో బయటికి పోవాలంటే భయమా? బోరింగు కాడ బురదా? బస్సు మెట్టా? అంగడిలో జనమా?

ఇప్పుడు అందులో అన్నిటికంటే తక్కువ భయం ఉన్న పనితో మొదలుపెట్టండి. మొదటి వారం వాకిలి దాటి పక్కింటి దాకా, ఎవరినైనా తోడు తీసుకొని. రెండో వారం అదే దూరం ఒక్కరే. తర్వాత బోరింగు దాకా. తర్వాత ఊరి చివర దాకా. ఒక మెట్టు దగ్గర గుండె దడ తగ్గిన తర్వాతనే ఇంకో మెట్టు. పోస్టాఫీసు దాకా పోయి మీ పింఛను మీరే తెచ్చుకోవడం చివరి మెట్టు అనుకోండి. అది రెండు నెలలు పట్టినా, నాలుగు నెలలు పట్టినా నష్టం లేదు.

భయంతో నిద్ర పట్టకపోయినా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోయినా ఆశా అక్కకు, ఏఎన్ఎం అక్కకు చెప్పండి. "ముసలితనం గట్లనే ఉంటది" అని మూసుకొని కూర్చోవద్దు. ముగ్గురు నలుగురు కలిసి చేస్తే ఇంకా మంచిది. మహిళా సంఘం మీటింగ్ రోజున, పంచాయతీ ముందు గానీ చెట్టు కింద గానీ అరగంట ఇవే ఏడు పనులు కలిసి చేయండి. నవ్వుకుంటూ చేసింది మానబుద్ధి కాదు.

ఇల్లు, వాకిలి, చీకటి

కాళ్లకు బలం తెచ్చుకుంటూనే తొవ్వలో ఉన్న అడ్డాలు తీయాలి.

స్నానం చేసే బండకు పాకురు పడితే వారానికోసారి గీకించండి. బండ పక్కన గట్టి గుంజ పాతించుకుంటే పట్టుకోవడానికి ఆధారం. నిలబడి స్నానం చేయలేకపోతే పీట వేసుకొని కూర్చొని చేయండి.

మేకను, లేగదూడను కట్టే తాడు నడిచే తొవ్వలో ఉండొద్దు. చిరిగిన బొంత, ముడుతలు పడ్డ చాప కాలికి తగులుతాయి, పక్కకు తీయండి. కడప కనపడకపోతే దానికి తెల్ల సున్నం గానీ పసుపు గానీ పెట్టండి, చీకట్లో కనిపిస్తుంది.

అరిగిపోయిన రబ్బరు చెప్పులు తడి నేల మీద జారుతాయి. మడమ వెనుక పట్టీ ఉన్నవి వేసుకోండి. చీర కుచ్చిళ్లు నేలకు తగలకుండా కొంచెం పైకి కట్టుకోండి.

ఆడవాళ్లు పైకి చెప్పని ఒక సంగతి ఉంది. రాత్రి బయటికి పోవాల్సి వస్తుందని చాలామంది సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. నీళ్లు తక్కువైతే లేచినప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, పడతారు. భయంతో మానేసిన నీళ్లే పడేస్తున్నాయి! పగలంతా నీళ్లు బాగా తాగండి, పడుకునే ముందు మాత్రం కొంచెం తగ్గించండి. మంచం పక్కనే టార్చి పెట్టుకోండి. మూత్రం ఆపుకోలేకపోవడం, మాటిమాటికి రావడం ఉంటే సిగ్గు పడకుండా ఏఎన్ఎం అక్కకు చెప్పండి, దానికి వైద్యం ఉంది. నిద్ర లేచిన వెంటనే నిలబడొద్దు. మంచం అంచున కూర్చొని కాళ్లు ఆడించి, ఇరవై లెక్కపెట్టి లేవండి.

మందులు, కళ్లు, తిండి

బీపీ, షుగర్ మందులు వేసుకుంటున్నవాళ్లకు కళ్లు తిరిగితే మందు మీరే మానేయొద్దు. మందులన్నీ ఒక సంచిలో వేసుకొని డాక్టర్ దగ్గరికి పోయి చూపించండి. నిద్ర మాత్రలు వేసుకునేవాళ్లు తప్పకుండా చెప్పండి, వాటి వల్ల రాత్రి తూలిపోవడం ఎక్కువ.

కంటి వెలుగులో 2018లోనూ 2023లోనూ మన రాష్ట్రంలో ఊరూరా కళ్లు పరీక్ష చేసి అద్దాలు ఇచ్చారు. ఆ అద్దాలు పెట్టెలో దాచిపెట్టుకున్నవాళ్లు తీసి పెట్టుకోండి. కానీ ఒక జాగ్రత్త: చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి ఇచ్చిన దగ్గరి చూపు అద్దాలతో నడవొద్దు. నేల మసకగా కనిపిస్తుంది, అడుగు తప్పుతుంది. కంట్లో పొర వచ్చినవాళ్లు సర్కారు దవాఖానలో చూపించుకోండి, ఆపరేషన్ ఉచితం.

తిండి విషయంలో మన పాత తిండి తక్కువది కాదు. జొన్న గట్క, జొన్న రొట్టెతో పాటు పప్పు, గుడ్డు, పాలు, పెరుగులో ఏదో ఒకటి రోజూ ఉండాలి, కండకు అవే కావాలి. ఎముకకు రాగులు, నువ్వులు, ఆకుకూరలు. పొద్దున ఎండలో కొంచెంసేపు నడిస్తే ఎముకకు కావాల్సిన విటమిన్ డి వస్తుంది. పిల్లలకు పెట్టి మిగిలింది తినే అలవాటు ఇకనైనా మానండి.

పడితే ఎట్ల లేవాలి

పడితే లేవలేనేమో అన్న భయం కూడా పడతానన్న భయంలో ఒక భాగమే. లేచే పద్ధతి తెలిస్తే ఆ భయం సగం తగ్గుతుంది.

పడగానే తొందరపడి లేవొద్దు. ఊపిరి పీల్చుకొని ఎక్కడ నొప్పి ఉందో చూసుకోండి. నొప్పి లేకపోతే పక్కకు దొర్లండి. చేతుల మీద, మోకాళ్ల మీద లేచి, దగ్గరలో ఉన్న మంచం దాకా పాకండి. మంచం మీద రెండు చేతులు ఆనించండి. బలమైన కాలి పాదం ముందుకు పెట్టి లేచి, తిరిగి మంచం మీద కూర్చోండి. కాసేపు ఆగి అప్పుడు నిలబడండి. ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడు ఒకటి రెండు సార్లు దీన్ని చేసి చూసుకోండి.

తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగినా, తల పగిలినా, సోయి తప్పినా కదిలించొద్దు. కాలు లాగొద్దు, పసరు కట్టు కట్టించొద్దు. 108కి ఫోన్ చేయండి. తుంటి విరిగినప్పుడు ఆలస్యం చేసినకొద్దీ ప్రాణానికే ముప్పు. మీరు ఒంటరిగా ఉండేవాళ్లయితే చిన్న ఫోన్ కొంగున కట్టుకొని తిరగండి, మంచం మీద పెట్టి పోవద్దు.

ఈ పనికి పనికొచ్చే పథకాలు

పింఛను: 57 ఏళ్లు నిండినవాళ్లు వృద్ధాప్య పింఛనుకు అర్హులు. నిజంగానే కదలలేని స్థితి వస్తే ఇంటి దగ్గర ఇప్పించే ఏర్పాటు గురించి పంచాయతీ కార్యదర్శిని, పోస్టాఫీసు వాళ్లను అడగండి. కానీ పోగలిగినన్ని రోజులు మీరే పోండి.

మహాలక్ష్మి ఉచిత బస్సు: 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. ఆధార్ కార్డు వెంట పెట్టుకోండి, జీరో టికెట్ అడిగి తీసుకోండి. దవాఖాన పని మీద ఉట్నూరు పోయినా, ఆసిఫాబాద్ పోయినా, ఆదిలాబాద్ రిమ్స్‌కు పోయినా చార్జీ భయం లేదు. బస్సు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. కడ్డీ పట్టుకున్నాకనే అడుగు. "జర ఆగు బిడ్డా, కూర్చున్నాక పోనీ" అని కండక్టర్‌కు చెప్పండి. అట్ల అడగడం మీ హక్కు.

చేతికర్ర: రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని కేంద్రం 2017లో పెట్టిన పథకం ఉంది. 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు చేతికర్ర, వాకర్, వినికిడి మిషన్, అద్దాలు, వీల్‌చైర్ వంటివి శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడో జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖలో గానీ ఎంపీడీఓ ఆఫీసులో గానీ అడగండి. కర్ర ఎత్తు ఎంత ఉండాలి? నిలబడి చేయి వదిలేస్తే మణికట్టు దగ్గరికి రావాలి. అడుగున రబ్బరు ఉండాలి, అరిగితే మార్చాలి. నొప్పి కుడి కాలికి ఉంటే కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి. కర్ర పట్టుకోవడానికి సిగ్గు పడకండి. కర్రతో అంగడికి పోయే అవ్వ, కర్ర లేక ఇంట్లో కూర్చున్న అవ్వ కంటే స్వతంత్రురాలు.

ఆరోగ్యశ్రీ: తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు వైద్యం పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. బొక్కల ఆపరేషన్లు ఇందులో ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఎవరో అడిగి కార్డు చూపించండి, అప్పు చేసే ముందు ఆయనను కలవండి.

వృద్ధుల హెల్ప్‌లైన్: 14567. ఫోన్ ఉచితం. పింఛను సమస్య అయినా, ఇంట్లో తిండి పెట్టకపోయినా, మాట్లాడేవాళ్లు లేకపోయినా చేయవచ్చు. కన్నవాళ్లను పోషించని పిల్లల మీద ఫిర్యాదు చేయడానికి 2007లో వచ్చిన చట్టం ఉంది.

కొడుకులకు, కోడళ్లకు, మనుమలకు

"నువ్వు కూసో అవ్వా, పడ్తవ్" అని మీరు ప్రేమతోనే అంటారు. కానీ పనులన్నీ మీరే చేసి ఆమెను కూర్చోబెడితే ఆమె కాళ్లు మీ చేతుల మీదుగానే పోతాయి. బరువు మీరు మోయండి, నడక ఆమెను నడవనివ్వండి. ఆమె బిందె మీరెత్తుకోండి, బోరింగు దాకా తోడు తీసుకుపోండి. చేయి పట్టుకొని లాగొద్దు, మీ చేయి ఆమెను పట్టుకోనివ్వండి. పడిన సంగతి చెప్తే కోప్పడొద్దు. కోప్పడితే ఇంకోసారి పడ్డా దాచిపెడతది, అదే అన్నిటికంటే ప్రమాదం.

అవ్వలారా, రేపు పొద్దున లేచిన తర్వాత మంచం అంచున కూర్చొని ఐదు సార్లు లేచి కూర్చోండి. ఎల్లుండి మళ్లీ. ఒక్కొక్కరే కాకుండా పక్కింటి ఆమెను కూడా పిలవండి. వచ్చే నెల పింఛను రోజున పోస్టాఫీసు ముందు వరుసలో మీరే నిలబడాలి. నడిచి రండి. పైలంగా రండి, భయపడి మాత్రం ఆగొద్దు.

అందరికీ రాం రాం.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు
అంబులెన్స్: 108
వృద్ధుల హెల్ప్‌లైన్: 14567